ఏటేటా గుత్త తెచ్చిన ఆయప్ప

ఈ ఏడు జనవరి సగం దాటినా మా ఇంటికి శనగ కట్ట రాలేదు. "ఆయప్ప ఇంకా రాలేదేమి?" అని మా ఆవిడ అడిగింది. వస్తాడులే అన్నాను. నాలుగు రోజులాగి మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే అన్నాను. ఇంకోసారి అడిగించుకోవడం ఎందుకని మర్నాడు ల్యాబులో ఖాళీ చూసుకుని ఆయన నంబరుకు ఫోన్ చేశాను. ఎవరో ఆడమనిషి ఎత్తింది.

"నాయన పోయినాడన్నా. కార్తీకంలోనే పోయినాడు" అంది. ఆయన కూతురు, కడప నుంచి మాట్లాడుతోంది. "ఈ ఫోన్లో ఉండే నంబర్లకంతా చెప్పాలనుకున్యాం. శానామంది ఉండారు, ఎవురికని చెప్పేది? మీరు ఏ ప్లాటు వాళ్ళు?"

బళ్ళారి రోడ్డు అన్నాను.

"ఓ, శనగచేని వాళ్ళా" అంది. తర్వాత, "ఆరోగ్యం చూసుకోండన్నా" అని పెట్టేసింది. చచ్చిపోయినవాళ్ళ ఇంటివాళ్ళు మనకు ఆరోగ్యం జాగ్రత్తని చెప్పడమేమిటో అప్పుడు అర్థం కాలేదు.

నేను కర్నూల్లో ఒక రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తాను. పరగడుపున వచ్చే జనాన్ని రోజూ చూస్తాను. సూది తీయగానే సగం మంది మొహం గోడవైపు తిప్పుకుంటారు, ఆ గోడ మీద ఏదో ఉన్నట్టు. ఆయప్ప తిప్పుకోలేదు. మొదటిసారి చక్కెర పరీక్షకు వచ్చినప్పుడు, సూది దిగుతుంటే నా మొహంలోకి చూసి, "సొంతిల్లు ఉండాదా?" అన్నాడు.

"లేదన్నా."

"బాడుగా?"

"బాడుగే. పెండ్లయినప్పటి నుంచి."

"అయితే నాకంటే నీకే పెద్ద జబ్బుండాదప్పా" అన్నాడు, దూది అదుముకుంటూ.

ప్లాట్లు అమ్మిపెట్టేవాడు. బ్రోకరు అంటే మాత్రం ఒప్పుకునేవాడు కాదు. "మధ్యస్తం మనిషిని. ఇద్దరి మధ్యలో కూచుంటా, ఇద్దరితో తిట్టు తింటా" అనేవాడు. పొట్టి చేతుల తెల్లచొక్కా, కళ్ళజోడుకు కట్టిన నల్లదారం, ఎండాకాలమైతే తల మీద తడిపిన తువ్వాలు. మాట మొదలు పెట్టాడంటే మధ్యలో ఒకసారైనా కుడిచేత్తో ఎడమ మోచేతిని గోక్కోవాలి. పరీక్ష అయిపోగానే ఎదురుగా ఉన్న హోటల్లో చక్కెర లేని టీ చెప్పి, అది వచ్చేలోపు రెండు జిలేబీలు తినేవాడు. ఇదేంటన్నా అంటే, "టీలో లేదు గదప్పా" అనేవాడు. పై నెల చక్కెర పెరిగిందని నేను చెబితే, మీ మిషను పాతదయింది అని నన్నే దబాయించేవాడు.

అప్పట్లో నేను ఫోన్లో వీడియోలు తెగ చూసేవాణ్ణి. ఏసీ గదిలో కోటు వేసుకున్న కుర్రాడొకడు, మొదటి ప్లాటు ఎలా కొనాలో, డబ్బును నిద్రపోనీకుండా ఎలా పరిగెత్తించాలో చెప్పేవాడు. నా డబ్బు నిద్రపోవడానికి కూడా నా దగ్గర ఆగిందెప్పుడు? అయినా చూసేవాణ్ణి. ఒకరోజు ఆయనకూ చూపించాను. శ్రద్ధగా చివరిదాకా చూసి, "ఈ పిలగాడు ఎప్పుడన్నా మన ఎండలో నిలబడినాడా?" అన్నాడు.

కొత్తగా నేల కొనేవాళ్ళకు ఆయన దగ్గర ఒక బడి ఉండేది. మే నెలలో, నడిమధ్యాహ్నం తీసుకుపోయేవాడు. "పొద్దున్నే చూస్తే ఏ నేలైనా పెండ్లికూతురే. ఈ ఎండలో నీకు నచ్చిందంటే నచ్చినట్టు." ఆ ఎండలో చెప్పు కిందనుంచి కాలు కాలుతుంటే ఏ నేలా నచ్చేది కాదు. అప్పుడు సంతోషించేవాడు. వాన పడ్డ మర్నాడు మళ్ళీ తీసుకుపోయి, నీళ్ళు ఎక్కడ నిలిచాయో చూపించేవాడు. మట్టి తీసి వాసన చూసేవాడు. ఏం తెలిసిందన్నా అంటే చెప్పేవాడు కాదు. ఏమీ తెలిసి ఉండదని నా అనుమానం. తర్వాత పక్క చేనివాడి దగ్గరికి పోయి తాగడానికి నీళ్ళడిగేవాడు. "నేలకు పక్కనుండేటోడు ఎట్లాంటోడో నీళ్ళడిగితే తెలుస్తాదప్పా. ముందు నీళ్ళు తాగల్ల, తర్వాతనే కొలతలు." ఒకచోట నీళ్ళు లేవు పొమ్మన్నారని, అంత మంచి రోడ్డుపక్క ప్లాటును వద్దని వెనక్కి తెచ్చేశాడు. నాకు కోపమొచ్చింది. ఆయనకు కమిషన్ పోయింది.

ఆ రోజుల్లోనే ఊరికి జ్వరం పట్టుకుంది. మా ఊరికి రాజధాని ఆశ కొత్త కాదు. ఒకసారి వచ్చింది, ఇల్లు సర్దుకునేలోపే వెళ్ళిపోయింది. ఆ కథ మా తాతలు మా నాయనలకు చెప్పారు, నాయనలు మాకు చెప్పారు. ఈసారి పెద్ద కోర్టు వస్తుందన్నారు. కోర్టొస్తే వకీళ్ళొస్తారు, వకీళ్ళకు ఇళ్ళు కావాలి. టీ బంకుల దగ్గర వేరే మాట లేదు. హైదరాబాదు నుంచి కంపెనీలు దిగాయి. నల్లరేగడి చేలల్లో రంగుజెండాలు లేచాయి. ఆదివారం ఉచిత బస్సు, ఉచిత బిర్యాని. రక్తం తీయించుకునేవాళ్ళు కూడా, "నీకెన్ని సెంట్లుండాయి?" అని అడుగుతుంటే నాకు సిగ్గుగా ఉండేది.

మా ఆవిడ అప్పటికి చాలా ఇళ్ళు మారి విసిగిపోయింది. ప్రతి ఇంటివాళ్ళకూ ఆమె రోటిచప్పుడు ఎక్కువే. ఒక రాత్రి చేతి గాజులు తీసి నా ముందు పెట్టింది. "ఇవి వేసుకోని ఎవురింట్లోనో ఉండేదానికంటే, మట్టిగాజులేసుకోని మనింట్లో ఉంటా" అంది. నేను ఎగిరి గంతేయలేదు. భయమేసింది. పొద్దున్నే ఆయప్పకు ఫోన్ చేశాను.

ఆయన అన్నిటినీ వద్దని, బళ్ళారి రోడ్డులోని ఒక్కదానికి సరే అన్నాడు. కంపెనీని చూసి కాదు, కంపెనీకి ఆ చేను ఇచ్చిన పెద్దాయనను చూసి. "ఆయన మాట తప్పినట్టు ఈ చుట్టుపక్కల చెప్పమను" అన్నాడు. పెద్దాయన ఇంటికి మమ్మల్ని తీసుకుపోయాడు. పెద్దాయన నులకమంచం మీద కూర్చుని, ఈ నేల ఇచ్చేశాను, నాకు సమ్మతమే, సుఖంగా ఇల్లు కట్టుకోండి అని మా ఇద్దరికీ చెప్పాడు. ఆయన కొడుకు లోపలినుంచి చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చి గడప దగ్గర నిలబడ్డాడు.

వీడియోలో కోటు కుర్రాడు చెప్పింది నాకు గుర్తొచ్చింది. "పిత్రార్జితమైతే కొడుకు సంతకం గూడ ఉండల్లంట గదన్నా" అన్నాను, మెల్లగానే. ఆయప్ప నా తొడ గట్టిగా గిల్లాడు. బయటికి వచ్చాక వీధిలోనే నిలబెట్టి దులిపేశాడు.

"పెద్దాయన మంచం మీద కూచోని మాటిస్తాంటే కొడుకును పిలవమంటావా? ఆ ఇంట్లో ఆయన బతికుండాడా, సచ్చినాడా? మన పక్క ఎవుడన్నా అట్ల అడుగుతాడా?"

నిజమే, మా పక్క ఎవరూ అడగరు. తండ్రి ఉండగా కొడుకును సమ్మతమా అని అడగడమంటే, తండ్రి మాట చెల్లదని ఆయన ఇంట్లోనే కూర్చుని అన్నట్టు. మా నాయన ముందు ఎవరైనా నన్నలా అడిగినా నేను మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా పంపించేవాణ్ణి. నోరు మూసుకున్నాను. రిజిస్ట్రేషన్ అయిపోయింది.

హద్దురాళ్ళు ఆయనే తెప్పించాడు. కంపెనీవాళ్ళు పాతిన సిమెంటు గూటాలు చూసి, ఇవి ఒక దుక్కికి కూడా ఆగవని, కడప బండలు లారీలో వేయించుకొచ్చాడు. "మా ఊరి రాయి. మనం పోయినా ఇది ఉంటాది" అని కూలీలతోపాటు తనూ గడ్డపార పట్టాడు. మా ఆవిడ నాలుగు రాళ్ళకూ పసుపు, కుంకుమ పెట్టింది. చెప్పుతో నేల మీద గీతలు గీసి ఇది వంటిల్లు, ఇది రోలు అని ఆయనకు చూపించింది. "రోలు గట్టిగా దంచుకో తల్లీ, ఎవురూ ఏమనరు" అన్నాడాయన. ఆ సాయంత్రం తిరిగొస్తూ ఆమె బస్సులో పాట పాడుకుంది. పెళ్ళయ్యాక ఆమె పాట వినడం అదే మొదలు.

తర్వాత జరిగింది ఊరందరికీ తెలిసిందే. కోర్టు ఇదిగో వస్తోందన్నారు, అదిగో ఆగిందన్నారు. కంపెనీ ఆఫీసుకు తాళం పడింది. వాళ్ళు కట్టించిన, రెండు సిమెంటు ఏనుగులున్న కమాను మాత్రం చేలమధ్య నిలబడింది. పెద్దాయన పోయాడు. ఆ మరుసటి చలికాలం మేమిద్దరం చూద్దామని పోతే మా ప్లాటు పచ్చగా ఉంది. మొత్తం దున్ని పప్పుశనగ వేశారు. రాళ్ళు మాత్రం శనగ మొక్కల మధ్య నిలబడి ఉన్నాయి. మా వంటింటి చోట పూత పట్టింది. మా ఆవిడ గట్టు మీద కూలబడి, మట్టిగాజులు మిగిలిన మణికట్టును ఇంకో చేత్తో పట్టుకుని ఏడ్చింది.

ఆయప్పకు ఫోన్ చేసి అరిచాను. వారం తర్వాత మోపెడ్ వెనక పచ్చి శనగ కట్ట పెట్టుకుని మా ఇంటికొచ్చాడు. గడప దగ్గరే కూర్చున్నాడు.

"పోయి మాట్లాడినా తల్లీ. ఆ కొడుకు దున్నుకున్యాడు, నిజమే. ఊరికే పెడితే సర్కారుతుమ్మ మొలుస్తాది గదా, మీరు ఇల్లు కట్టేవరకు దున్నుకుంటా, ఏటా కౌలు కింద గుత్త ఇస్తా అన్న్యాడు. ఇది మీ వంతు. గుత్త ఎవురిస్తారు? నేల తనది కానోడే ఇస్తాడు. ఇది మీ ఇంటికొచ్చినన్నాళ్ళు ఆ నేల మీదే."

మా ఆవిడ కట్టను రెండు చేతులా తీసుకుంది. మొదటి గుప్పెడు దేవుడి దగ్గర పెట్టింది. మిగిలినవి కాయతోపాటే కాల్చి, అన్ని ఇళ్ళకూ పంచింది. "మా నేలవి" అని చెప్పి మరీ పంచింది. ఇంటి ఓనరమ్మకు కూడా ఇచ్చింది. ఆ రాత్రి హాయిగా పడుకుంది. నేనూ పడుకున్నాను, అబద్ధమెందుకు.

అప్పటినుంచి ఏటా జనవరిలో వచ్చేవాడు. గడప దాటేవాడు కాదు. ప్లేట్లో కాల్చిన శనగలు పెట్టిస్తే ఒక్కటీ ముట్టేవాడు కాదు, చక్కెర ఉందనేవాడు. జిలేబీకి లేని చక్కెర శనగకెక్కడిదని నేను ఎగతాళి చేస్తే, చిన్నగా నవ్వి మోచేయి గోక్కునేవాడు. మాలాంటివాళ్ళ ఇళ్ళు ఇంకా ఉన్నాయని, మోపెడ్ మీద మిగతా కట్టలు సర్దుకుని పోయేవాడు. ఏడాదికేడాది మనిషి సన్నబడ్డాడు. ఎందుకో నా చేతి రిపోర్టుల్లోనే తెలిసేది. పాదం మీద పుండు ఒకటి మానలేదు. "ఇంత దూరం నువ్వెందుకన్నా తిరిగేది? నేనే పోయి తెచ్చుకుంటాలే" అని ఒకసారి అన్నాను.

"వద్దప్పా" అన్నాడు గబుక్కున. "నువ్వు పోతే నువ్వు అడిగినట్టు ఉంటాది. నేను పోతే వాడిచ్చినట్టు ఉంటాది."

పెద్ద తెలివైన మాటలా అనిపించి, ల్యాబులో ఇంకో ఇద్దరికి కూడా చెప్పాను.

అమ్మకాలు మానేశాడు. మా ల్యాబు నర్సమ్మ ఒకామె, నాకూ ఒక ప్లాటు చూపించన్నా అని వెంటపడితే చాలాసేపు తప్పించుకుని, చివరికి విసుగ్గా అన్నాడు: "కొనేటట్లుంటే ఒకటి గుర్తు పెట్టుకోమ్మా. ఆ ఇంట్లో కొడుకులుంటే కొడుకులు, కూతుర్లుంటే కూతుర్లు, అందరినీ పిలిపించి సంతకాలు తీసుకో. పెద్దాయన బాధపడితే పడనీ. లేచి పొమ్మంటే లేచి రా." అప్పుడు నా వైపు చూడలేదు. ఆయన బడిలో ఆ పాఠం అంతకుముందు లేదు.

ఫోన్లో ఆయన కూతురి మాట విన్నాక, ఆదివారం ఒక్కణ్ణే బయల్దేరాను. ఇంట్లో ఏమీ చెప్పలేదు. కమాను దగ్గర బస్సు దిగాను. ఒక ఏనుగుకు తొండం లేదు. చేనంతా కాయ మీదుంది. పెద్దాయన కొడుకు గట్టు మీద పురుగుమందు డబ్బా కడుక్కుంటున్నాడు. తలంతా నెరిసింది. నన్ను గుర్తుపట్టాడు.

"ఆయప్ప పోయినాడంట గదా సార్. నాకూ మొన్ననే తెలిసె."

"అవునప్పా. ఈ ఏడు గుత్త మాకు రాలేదు. అందుకని నేనే వచ్చినా" అన్నాను, పెద్దమనిషిలా.

అతను డబ్బా పక్కన పెట్టాడు. "ఏం గుత్త?"

"శనగ కట్ట. ఏటా నువ్వు పంపిస్తాండావు గదా."

నా మొహంలోకి కొంచెంసేపు చూశాడు. వెటకారం చేస్తున్నానేమో అనుకున్నాడు. కాదని తెలిశాక అతని గొంతు తగ్గింది.

"నేనెప్పుడు పంపిస్తిని సార్? ఆయప్పే ఏటా వచ్చి దుడ్లిస్తాండె. కట్టలు కట్టించుకోని పోతాండె. బజారు రేటు కంటే ఎక్కువే ఇస్తాండె. రాళ్ళు పీకొద్దు, ఆ ఒక్కటి చేసిపెట్టు అని నా చేయి పట్టుకుంటాండె."

"నువ్వు తీసుకుంటాంటివా?"

"మొదుట నేను తిట్టినా సార్. ఈడికి రావద్దంటి. నా భాగం గూడ కలిపి మా నాయన రాసిచ్చె. నన్ను అడిగినారా ఎవురన్నా? కంపెనీవాళ్ళు బయానా ఇచ్చి, తక్కిందానికి రేపు మాపు అనిరి. ఆ దిగులుతోనే మా నాయన పాయ. నేను దున్నకుంటే ఏం తినల్ల?" కాలి కింది గట్టును చూపించి, "ఆయప్ప ఈ గట్టు మీదనే కూచోని చెప్పినాడు. నిన్ను అడక్కుండ మీ నాయన్ను మాత్రమే అడిగింది నా తప్పు. నేను బతికుండేవరకు దానికి కడతా అన్న్యాడు. కాలికి పుండు పెట్టుకోని వచ్చె పోయినేడు. అట్లాంటోనితో ఏం కొట్లాడేది?" అన్నాడు.

నాకు ముందు కోపమొచ్చింది. ఇన్నేళ్ళు మా చేత మా ఇంట్లోనే బూటకం ఆడించాడని. మా ఆవిడ వీధి వీధంతా పంచిన ఆ శనగలన్నీ ఆయన కొన్నవి. ఆ కోపం ఎక్కువసేపు నిలవలేదు. గడప దగ్గర ముడుచుకుని కూర్చునే ఆ మనిషి, ప్లేటు వైపు చూడకుండా నవ్వే ఆ నవ్వు కళ్ళముందుకొచ్చి, చేని మధ్యలో మొగవాణ్ణి నిలబడి ఏడ్చాను. ఆ రైతు అటువైపు తిరిగి మందు డబ్బా మళ్ళీ కడిగాడు.

"ఇంగ ఈ రాళ్ళ సంగతేమప్పా?" అన్నాను చివరికి.

"ట్రాక్టరు తిరిగేదానికి అడ్డమే సార్ ఇవి. అయినా మీరే చెప్పండి. మీరు ఇల్లు కడతామంటే చెప్పండి, కూచోని మాట్లాడుకుందాం. కట్టేటోడు యాడుండాడు ఈడ? కోర్టుకు పోతామంటే పోండి, నేనూ వస్తా. మీకు ఓపిక లేదు, నాకూ లేదు."

అతను బెదిరించడం లేదు. ఉన్నమాటే చెబుతున్నాడు. కోర్టు వస్తుందని కొన్న నేల కోసం కోర్టుకు పోవడానికి నా దగ్గర డబ్బూ లేదు, అంత వయసూ మిగల్లేదు. జేబులో చెయ్యి పెట్టి ఉన్నదంతా తీసి అతని చేతిలో పెట్టాను. సొంత నేలకు గుత్త కట్టిన మొనగాణ్ణి ఈ జిల్లాలో నేనొక్కణ్ణే అనుకున్నాను. కాదు, నాకంటే ముందే ఆయప్ప కట్టాడు, తనది కాని నేలకు. రైతు కాదనలేదు. పెద్ద కట్ట పీకించి, వేళ్ళ మట్టి దులిపి కట్టి ఇచ్చాడు.

బస్సులో అందరూ కట్ట ఎంతకిచ్చారని అడిగారు. ఇంటికొచ్చేసరికి చీకటి పడుతోంది. మా ఆవిడ వాకిట్లోనే ఉంది. కట్టను చూసి మొహం విప్పారి, నా వెనక ఎవరూ లేకపోవడం చూసి ఆగిపోయింది.

"ఆయప్ప పోయినాడు" అన్నాను. "కార్తీకంలోనే."

అక్కడే కూర్చుండిపోయింది. సొంతన్న పోయినట్టు ఏడ్చింది. చాలాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుని, కట్టవైపు చూసి, "మరి ఇదెట్ల వచ్చె?" అంది.

"చేని ఆయన ఇచ్చినాడు. గుత్త."

"ఆయప్ప లేకపోయినా ఇచ్చినాడా?"

"ఇచ్చినాడు."

"నువ్వు అడక్కుండానే?"

"అడక్కుండానే."

కట్టను ఒళ్ళోకి తీసుకుంది. "మనిషి పోయినా ఆయప్ప పెట్టిపోయిన మాట నిలబడె చూడు" అంది, కళ్ళనీళ్ళతోనే నవ్వుతూ. "ఇంగ నాకేం భయం లేదు. నేల మనదే."

అవునన్నాను. పై ఏడు జనవరిలో మళ్ళీ నేనే పోవాలి. ఆ పై ఏడూ పోవాలి. ఆమె గుప్పెడు కాయలు తెంపి దేవుడి గూట్లో పెట్టడానికి లోపలికి పోయింది.